పిల్లల ఉబ్బసము : వంశమా, వాసమా?

మన భాషలో "పడదు" అను చిన్న మాట ఒకటి ఉన్నది. "మా పిల్లవానికి వంకాయ పడదు", "అమ్మాయికి చలిగాలి పడదు", "ఈ ఊరి నీళ్ళు మాకు పడలేదు" అని మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఐరోపా వైద్యులు ఈ సంగతికి "ఎలర్జీ" అని పేరు పెట్టినది 1906లో. మన అమ్మమ్మలు మాత్రము ఆ పేరుతో పని లేకయే "పడదు" అన్న మాటతో సంసారములు నడుపుకొని వచ్చినారు.

దీనితోపాటు మన యిండ్లలో మరియొక మాటయు వినవచ్చును. "అది వాళ్ళ వంశములో ఉన్నది" అన్నదే ఆ మాట. ఊరు విడిచి ఊరు వచ్చి స్థిరపడిన మనవంటి కుటుంబములలో పసివానికి మొదటిసారి ఆయాసము వచ్చి, రొమ్ములో పిల్లికూతలు వినబడిన రాత్రి ఈ రెండు మాటలును ఒకేసారి బయలుదేరును. ఒక పెద్దావిడ "ఈ ఊరి గాలి పడలేదు, నాలుగు నెలలు మన ఊరు పంపండి" అనును. మరియొక పెద్దావిడ "మా వైపు ఎవరికీ లేదమ్మా" అని ఊరకుండును. ఆ ఊరకుండుటలోనే నింద ఉన్నది. కోడలి పుట్టింటివారి మీదకు అది పోవును. ఉబ్బసమున్నదని తెలిసి తప్పిపోయిన సంబంధములును, తప్పిపోవునేమో యని దాచిపెట్టిన రోగములును మన సంఘములో లేకపోలేదు.

కావున ఈ ప్రశ్న వైద్యులకు మాత్రమే చెందినది కాదు. పిల్లల ఉబ్బసము వంశమువలన వచ్చునా, వాసమువలన వచ్చునా? మూడు వందల సంవత్సరములకు పైగా ఈ వ్యాజ్యము నడచిన తీరును చదువరులకు క్లుప్తముగా మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పూర్వుల మాట

చరకసంహితలో శ్వాసరోగములు ఐదుగా చెప్పబడినవి: మహాశ్వాసము, ఊర్ధ్వశ్వాసము, ఛిన్నశ్వాసము, తమకశ్వాసము, క్షుద్రశ్వాసము. నేటి ఉబ్బసమునకు దగ్గరగా ఉన్నది తమకశ్వాసము. శ్వాసరోగ కారణములను చెప్పుచు ఆ గ్రంథము ధూళిని, పొగను, గాలిని, చల్లని చోటును, చన్నీటిని పేర్కొన్నది. దుమ్ము దులుపునప్పుడు ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొను గృహిణికి ఆ జాబితాలో కొత్త సంగతి ఏమియు కనబడదు.

ఇక పాశ్చాత్యుల సంగతి. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డు పట్టణమున సర్ జాన్ ఫ్లాయరు అను వైద్యుడు ఉండెడివాడు. ఆయన తానే ఉబ్బసరోగి. 1698లో ఉబ్బసమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించినాడు. తనకు ఈ రోగము పూర్వులనుండి రాలేదనియు, తనకు వచ్చిన వయస్సు దాటిన తన యిద్దరు కుమారులకును అది సోకలేదనియు, అందులకు దేవునికి కృతజ్ఞుడననియు అందులో వ్రాసికొన్నాడు. మూడు వందల ఏండ్ల క్రిందటి తండ్రికిని నేటి తండ్రికిని ఉన్న దిగులు ఒక్కటే యని దీనివలన తెలియుచున్నది.

1860లో లండనులో హెన్రీ హైడ్ సాల్టరు అను మరియొక వైద్యుడు ఉబ్బసముపై పెద్ద గ్రంథము వ్రాసినాడు. ఆయనయు ఉబ్బసరోగియే. పిల్లి దగ్గరకు వచ్చినచో కొందరికి ఊపిరి బిగియుట ఆయన కనిపెట్టి వ్రాసినాడు. ఈ రోగము వంశములలో నడచుననియే ఆయన తేల్చినాడు.

ఫ్లాయరు వంశములో లేదన్నాడు, సాల్టరు వంశములో ఉన్నదన్నాడు. ఇద్దరిలో ఎవ్వరును అబద్ధమాడలేదు. ఒకరు తన యింటిని చూచి చెప్పినారు, మరియొకరు తన రోగులను చూచి చెప్పినారు. ఒక యింటి కథ అన్ని యిండ్లకును చట్టము కాజాలదు. ఇక కావలసినది లెక్క.

పేరు పుట్టిన తీరు

లెక్కకు ముందు రోగము యొక్క స్వరూపము తెలియవలెను గదా! మాంచెస్టరు నగరమున చార్లెస్ బ్లాక్లీ అను వైద్యునికి ఏటేట వేసవిలో తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద వచ్చెడివి. ఆయన గడ్డిపూల పుప్పొడిని తన ముక్కులోను, కంటిలోను, గీచిన చర్మముపైనను పెట్టుకొని పరీక్షించుకొన్నాడు. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి పైకి పంపి, ఆకాశములో ఎంత ఎత్తున పుప్పొడి ఉన్నదో లెక్క కట్టినాడు. 1873లో వెలువడిన ఆయన గ్రంథము ఈ బాధకు మూలము పుప్పొడియే అని రుజువు చేసినది.

వియన్నా నగరములో క్లెమెన్స్ ఫాన్ పిర్కే పిల్లల వైద్యుడు. ఆ దినములలో కంఠసర్పి మొదలగు రోగములు వచ్చిన పిల్లలకు గుఱ్ఱపు రక్తమునుండి తీసిన సీరమును సూదిమందుగా ఇచ్చెడివారు. మొదటిసారి ఇచ్చిన కొన్ని దినములకు కొందరు పిల్లలకు జ్వరము, దద్దుర్లు వచ్చెడివి. రెండవసారి ఇచ్చినప్పుడు అవి మరింత త్వరగా, మరింత తీవ్రముగా వచ్చెడివి. శరీరము మొదటి పరిచయమును గుర్తుంచుకొని మారిపోయినదని పిర్కే గ్రహించినాడు. "వేరు", "పని" అను అర్థములు గల రెండు గ్రీకు పదములను జోడించి 1906లో "ఎలర్జీ" అను పేరును సృష్టించినాడు.

1921లో బ్రెస్లా నగరమున ప్రౌస్నిట్జు, క్యూస్ట్నరు అను యిద్దరు మిత్రులు ఒక పరీక్ష చేసినారు. క్యూస్ట్నరుకు చేప పడదు. ఆయన రక్తములోని సీరమును కొద్దిగా తీసి ప్రౌస్నిట్జు తన కడుపుపై చర్మములో ఎక్కించుకొన్నాడు. మరునాడు అదే చోట చేపసారమును ఎక్కించుకొనగా అక్కడ దద్దురు లేచినది. అనగా ఈ "పడకపోవుట" యను గుణము రక్తములో ఏదో ఒక వస్తువు రూపములో ఉన్నదన్న మాట. ఆ వస్తువు ఏమో తెలియుటకు మరి నలువది అయిదేండ్లు పట్టినది. 1966లో అమెరికాలోని డెన్వరు నగరమున ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనులోని ఉప్సాలాలో యోహాన్సన్, బెన్నిక్ అనువారును వేరువేరుగా దానిని కనుగొన్నారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున దానికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇ అని నామకరణము జరిగినది. సంక్షిప్తముగా ఐజీఈ అందురు.

ఐజీఈ మన శత్రువు కాదు. శరీరములో ప్రవేశించు పురుగులమీద యుద్ధమునకు ఏర్పడిన సైన్యములో అదియు ఒక భాగము. కొందరు పిల్లలలో ఆ కాపలావాడు దొంగను విడిచి చుట్టమును కొట్టునట్లు పుప్పొడిని, దుమ్మును, గ్రుడ్డును, వేరుశనగను శత్రువులుగా భావించును. ముక్కులో ఆ పోరు జరిగిన తుమ్ములు, చర్మములో జరిగిన దురద, ఊపిరి గొట్టములలో జరిగిన ఉబ్బసము. ఐజీఈతో సంబంధము లేని ఉబ్బసములును ఉన్నవి గాని, పిల్లలలో ఎక్కువగా కనబడునది ఈ రకమే.

మొదటి లెక్క

ఇప్పుడు వంశము సంగతికి వత్తము. బఠానీ మొక్కలపై మెండెలు చేసిన పరిశోధనలు 1900లో మరల వెలుగులోనికి వచ్చినవి. ఆ ఉత్సాహములో 1916లో న్యూయార్కు వైద్యులైన రాబర్టు కుక్, ఆల్బర్టు వాండర్ వీరు 504 మంది ఎలర్జీ రోగుల కుటుంబ చరిత్రలను సేకరించి ప్రకటించినారు. వారిలో నూటికి సుమారు 48 మందికి బంధువులలో ఇటువంటి బాధ ఉన్నట్లు తేలినది. ఆరోగ్యవంతులలో అటువంటి కుటుంబ చరిత్ర గలవారు నూటికి 14, 15 మందికి మించలేదు. వంశములో నడచునన్న మాటకు దొరికిన తొలి పెద్ద లెక్క ఇదియే.

అంతకంటె విలువైన మాట ఒకటి వారు చెప్పినారు. తండ్రికి గుఱ్ఱము పడకపోయిన, కొడుకునకును గుఱ్ఱమే పడకపోవలెనని లేదు. కొడుకునకు పుప్పొడి పడకపోవచ్చును, కూతురునకు గ్రుడ్డు పడకపోవచ్చును. సంక్రమించునది ఫలానా వస్తువుమీది విరోధము కాదు, విరోధము పెట్టుకొను స్వభావము మాత్రమే. తాతకు ఉబ్బసము, తండ్రికి తెల్లవారగనే తుమ్ములు, పిల్లకు మోచేతి మడతలలో దురద ఉన్న యింటిలో మూడు రోగములు లేవు, ఒకటే స్వభావము మూడు రూపములలో కనబడుచున్నదని దీని తాత్పర్యము.

1923లో కుక్, కోకా అను పరిశోధకులు ఈ స్వభావమునకు "ఎటోపీ" అని పేరు పెట్టినారు. గ్రీకులో దానికి "చోటు తప్పినది, వింతయైనది" అని అర్థము. ఊరు మారినవారి సంచికలో ఈ మాటను తలచుకొనుట యుక్తముగానే ఉన్నది.

పదిహేనుగురి దీవి

వంశము పలుకుబడిని చూపించు ఉదాహరణలలో ట్రిస్టన్ డ కున్హా అను దీవి కథ ప్రసిద్ధము. దక్షిణ అట్లాంటిక్ సముద్రము నడుమ ఏ తీరమునకును వందల కోసుల దూరములో ఉన్న చిన్న దీవి అది. 1816లో బ్రిటిషువారు అక్కడ ఒక పటాలమును దించి, మరుసటి యేడు తీసివేసినారు. విలియం గ్లాస్ అను సైనికుడు భార్యాబిడ్డలతో అక్కడనే నిలిచిపోయినాడు. ఒంటరి మగవారికి భార్యలు కావలెనని 1827లో సెయింట్ హెలీనా దీవినుండి స్త్రీలను తీసికొనివచ్చినారు. నౌకలు పగిలి వచ్చి చేరినవారు కొందరు. మొత్తముమీద పదిహేనుగురు స్త్రీపురుషుల సంతతియే ఆ దీవి జనము.

1961లో అగ్నిపర్వతము బ్రద్దలై దీవివాసులందరును ఇంగ్లండుకు తరలింపబడినారు. అక్కడ వైద్యులు వారిని పరీక్షించగా ఉబ్బసము ఆశ్చర్యకరమైన పాళ్ళలో కనబడినది. 1963లో వారిలో ఎక్కువమంది స్వస్థలమునకు మరలిపోయినారు. వారి వంశవృక్షములను పరిశీలించిన వైద్యులు, తొలినాటి స్త్రీలలో ముగ్గురు ఉబ్బసరోగులై యుండవచ్చునని అభిప్రాయపడినారు. 1993లో టొరంటో విశ్వవిద్యాలయమునుండి నో జామెల్ బృందము ఆ దీవికి వెళ్ళి, సుమారు మూడు వందలుగా ఉన్న జనములో దాదాపు అందరిని పరీక్షించినది. సుమారు సగము మందిలో ఉబ్బసము గాని, దాని ఛాయలు గాని కనబడినవి. అక్కడ పెద్ద యంత్రాగారములు లేవు, నగరపు పొగ లేదు. వంశము యొక్క బలమునకు ఇంతకంటె సాక్ష్యము ఏమి కావలెను?

తల్లిపై పడిన నింద

ఇట్లు ఒకవైపు లెక్కలు సాగుచుండగానే ఇరువదవ శతాబ్దపు నడుమ మరియొక వాదము బయలుదేరినది. ఉబ్బసము మనస్సునుండి పుట్టు రోగమనియు, తల్లి మితిమీరిన గారాబమో, ఆదరణ లేకపోవుటయో దానికి కారణమనియు కొందరు మనస్తత్త్వ వైద్యులు బోధించినారు. డెన్వరు నగరమున ఉబ్బసపు పిల్లలకు ఒక వసతిగృహము ఉండెడిది. తల్లిదండ్రులనుండి పిల్లలను దూరము చేయుటయే చికిత్స యని అక్కడి కొందరు వైద్యులు నమ్మినారు. అక్కడ చాలమంది పిల్లలు కోలుకొన్నమాట నిజమే. కాని డెన్వరు అయిదువేల అడుగులకు మించిన ఎత్తున, పొడి గాలిలో ఉన్న నగరము. పరుపులలోను, దిండ్లలోను పెరిగి ఉబ్బసమును రేపు కంటికి కనబడని ధూళిపురుగులు అటువంటి పొడి ప్రదేశములలో చాల తక్కువ. తల్లి చాటు తప్పుటవలన వచ్చిన గుణమని వారు తలచినదానిలో పొడి గాలివలన వచ్చిన గుణము ఎంతో ఉండవచ్చును.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఇషిజాకా దంపతులు ఐజీఈని కనుగొన్నది ఆ సంస్థకు చెందిన పరిశోధనాలయములోనే. తల్లిని బోనులో నిలబెట్టిన చోటనే రోగము రక్తములో ఉన్నదని తేలినది. భయము, ఏడుపు, దిగులు ఉన్న ఉబ్బసమును రేపవచ్చును. అంతమాత్రమున తల్లి పెంపకము రోగమునకు మూలము కాదు.

కవలల సాక్ష్యము

వంశము నిజమే, అయినచో ఎంత పాలు? దీనికి కవలలను అడుగవలెను. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులు ఒక్కటే. వేరువేరు అండములనుండి పుట్టిన కవలలు సాధారణ తోబుట్టువులవంటివారే. స్వీడనులో సుమారు 7,000 జతల కవలలను పరిశీలించిన ఫలితములు 1971లో వెలువడినవి. ఒకే అండపు కవలలలో ఒకరికి ఉబ్బసమున్నచో రెండవవారికిని ఉన్న సందర్భములు నూటికి 19. వేరు అండముల కవలలలో నూటికి 5కు లోపు.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. 5 ఎక్కడ, 19 ఎక్కడ? కనుక వంశము ఉన్నది. మరి అన్ని జన్యువులును ఒక్కటే అయినచోట 100 ఎందుకు కాలేదు? అయిదు జతలలో నాలుగింట రెండవ బిడ్డకు రోగము లేదు. కనుక వంశము ఒక్కటే చాలదు. వ్యాజ్యములో ఇరుపక్షములకును సాక్ష్యము చెప్పిన సాక్షి ఈ కవలలే.

జన్యువుల వేట

1989లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు పదకొండవ క్రోమోసోములో ఎలర్జీకి సంబంధించిన చోటు ఉన్నదని ప్రకటించినారు. ఉబ్బసపు జన్యువు దొరికినదని చాలమంది సంతోషించినారు. కాని వేట అంత సులభముగా ముగియలేదు. 2006లో డండీ నగర పరిశోధకులు ఫిలాగ్రిన్ అను జన్యువు సంగతి బయటపెట్టినారు. చర్మపు పైపొరను గట్టిగా ఉంచు పదార్థమునకు అది మూలము. అందులో లోపమున్న పిల్లలకు చర్మము పొడిబారి ఎగ్జిమా త్వరగా వచ్చును, వారిలో కొందరికి తరువాత ఉబ్బసమును వచ్చును. ఊపిరితిత్తుల రోగమునకు దారి చర్మమునుండి తెరువబడుట వింతయే. గోడ బీటవారిన యింటిలోనికి దుమ్ము పోవునట్లు, పగిలిన చర్మముగుండా ధూళియు, ఆహారపు రేణువులును లోపలికి పోయి కాపలా సైన్యమును రెచ్చగొట్టునని పండితులు చెప్పుచున్నారు. 2007లో పదునేడవ క్రోమోసోముపై చిన్ననాటి ఉబ్బసమునకు గట్టి సంబంధము గల మరియొక చోటు దొరికినది.

నేటికి అటువంటి చోట్లు వందకు పైగా తెలిసినవి. ఒక్కొక్కటి చేయు కీడు చాల కొద్ది. ఒక్క గడ్డిపరక ఏనుగును కట్టలేదు, పరకలు పేనిన మోకు కట్టగలదు. ఏ పరకలు ఏ బిడ్డకు వచ్చి చేరునో తండ్రికి తెలియదు, తల్లికి తెలియదు. ఆ పరకలు కొన్ని ఇరువైపులనుండియు వచ్చునవే. కావున "మా వైపు లేదు" అను మాటకు శాస్త్రములో విలువ చాల తక్కువ.

ఊరు మారిన పిల్లలు

ఇక వాసము పక్షమున వాదము వినవలెను. పసిఫిక్ సముద్రములో టోకెలావు అను దీవులు ఉన్నవి. 1966లో వచ్చిన తుపాను తరువాత అక్కడి కుటుంబములు పెక్కు న్యూజిలాండుకు తరలిపోయినవి. కొన్ని సంవత్సరములకు వైద్యులు రెండు చోట్లను పిల్లలను పరీక్షించి 1980లో ఫలితములు ప్రకటించినారు. దీవిలో ఉన్న పిల్లలలో ఉబ్బసము నూటికి 11 మందికి. న్యూజిలాండు చేరిన పిల్లలలో నూటికి 25 మందికి. రక్తము ఒక్కటే, తాతలు ఒక్కరే. మారినది ఊరు. "ఈ ఊరు పడలేదు" అన్న మన పెద్దల మాటకు ఇంతకంటె చక్కని లెక్క దొరకదు.

జర్మనీ రెండు దేశములుగా చీలి నలుబదియేండ్లు గడచిన తరువాత 1989లో బెర్లిను గోడ పడిపోయినది. ఏరికా ఫాన్ మూట్యూస్ అను వైద్యురాలు తూర్పు, పడమర నగరముల పిల్లలను పోల్చి చూచినది. తూర్పున బొగ్గు పొగ దట్టము, కావున అక్కడనే ఉబ్బసము ఎక్కువ ఉండునని అందరి ఊహ. లెక్క తలక్రిందులైనది. పొగవలన వచ్చు దగ్గు తూర్పున ఎక్కువే గాని, ఉబ్బసమును, ఎలర్జీయు శుభ్రమైన మ్యూనిక్ నగరములోనే ఎక్కువ. అదే 1989లో డేవిడ్ స్ట్రాచన్ అను ఆంగ్ల వైద్యుడు పదునేడు వేలకు పైగా బిడ్డల చరిత్రను పరిశీలించి, తోబుట్టువులు ఎక్కువైన యిండ్లలో పుప్పొడి జలుబు తక్కువని చూపినాడు. పసితనములో సూక్ష్మజీవులతో పరిచయము తక్కువైన పిల్లలలో కాపలా సైన్యము శిక్షణ లేక దారి తప్పునన్న ఊహ అక్కడ పుట్టినది.

దీనికి గట్టి ఉదాహరణ 2016లో వచ్చినది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అను రెండు వ్యవసాయ సంఘములవారు ఉన్నారు. ఇరువురును ఐరోపానుండి వలస వచ్చినవారు, వంశలక్షణములలో దగ్గరివారు, పెద్ద కుటుంబములవారు, ఆచారనిష్ఠ గలవారు. ఆమిష్ పిల్లలు చిన్ననాటినుండి యింటి ప్రక్కనే ఉన్న పశువుల కొట్టములలో ఆడుకొందురు. హట్టరైట్ వారి సేద్యము పెద్ద యంత్రములతో నడచును, పశువుల శాలలు యిండ్లకు దూరము. బడి పిల్లలలో ఉబ్బసము ఆమిష్ వారిలో నూటికి 5, హట్టరైట్ వారిలో నూటికి 21. ఆమిష్ యిండ్ల దుమ్మును ఎలుకలకు ఎక్కించగా అది వాటిని ఉబ్బసమునుండి కాపాడినది. ఇద్దరి విత్తనమును ఇంచుమించు ఒక్కటే, నేల వేరు.

మన బెంగుళూరు లెక్క

అంత దూరము పోనేల? మన బెంగుళూరులోనే ఒక లెక్క ఉన్నది. పిల్లల వైద్యుడు డాక్టరు హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను ఏండ్ల తరబడి లెక్కించి ప్రకటించినారు. 1979లో ఉబ్బసము గలవారు నూటికి 9 మంది. 1999 నాటికి నూటికి 29 మందికి పైగా. ఇది ఆసుపత్రి లెక్క గనుక ఊరందరి పిల్లలకును వర్తించదు. అయినను ఇరువది సంవత్సరములలో ఒక జాతి జన్యువులు మారవు. మారినవి చెరువులు, చెట్లు, రోడ్లు, వాహనములు, గాలి ఆడని యిండ్లు. 1950ల నడుమ పూనాలో మొదట కంటబడి, తరువాత దక్కనులోని బీడులన్నిటను అల్లుకొన్న వయ్యారిభామ మొక్కయు ఆ మార్పులలో ఒకటి. దానికి ఇంపైన పేరు పెట్టినది మనవారే గాని, దాని పుప్పొడి చాలమందికి తుమ్ములను, దాని ఆకు చర్మమునకు దురదను తెచ్చినవి.

మరి కవలల సాక్ష్యమునకు దీనికి వైరుధ్యము లేదా? లేదు. ఒకే పొలములో ఒకే నీటితో పండిన పైరులో ఒక కంకి పెద్దది, ఒకటి చిన్నది అయినచో ఆ తేడా విత్తనములోనిది. మరుసటి యేడు వానలు కురియక పొలమంతయు ఎండినచో అది విత్తనము తప్పు కాదు. ఒకే ఊరి పిల్లలలో ఎవరికి ఉబ్బసము వచ్చునో తేల్చుటలో వంశమునకు పెద్ద చెయ్యి ఉన్నది. ఊరు మొత్తములో ఎందరికి వచ్చునో తేల్చునది వాసము. "వంశమా, వాసమా" అని అడిగిన ప్రశ్నకు "రెండును" అన్నదే మూడు వందల ఏండ్ల తీర్పు.

మన యిండ్లకు చెందిన నాలుగు మాటలు

మొదటిది, సంబంధముల సంగతి. తల్లిదండ్రులలో ఒకరికి ఉబ్బసమున్నచో బిడ్డకు అవకాశము కొంత పెరుగును, ఇద్దరికిని ఉన్నచో మరికొంత పెరుగును. అయినను అది అవకాశమే గాని శాసనము కాదు. ఇరువైపుల లేకున్నను వచ్చుట ఉన్నది. మేనరికమువలన వచ్చినదా యని కొందరు అడుగుదురు. మేనరికములలో భయము ఎక్కువగా ఉండునవి, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున ఒకే లోపపు జన్యువు రెండు ప్రతులు చేరినప్పుడు వచ్చు రోగములు. ఉబ్బసము ఆ తరగతికి చెందినది కాదు. ఉబ్బసమున్నదని పిల్లను గాని, పిల్లవానిని గాని తిరస్కరించుటకు శాస్త్రములో ఆధారము లేదు.

రెండవది, కుటుంబ చరిత్రను దాచుట. దానిని నిందకు వాడిన విషము, వైద్యునికి చెప్పిన మందు. పసిబిడ్డకు ఎగ్జిమా ఉన్నదనియు, మేనమామకు ఉబ్బసమున్నదనియు ముందుగా చెప్పినచో, రాత్రి దగ్గులను ఊరక జలుబని త్రోసివేయక వైద్యుడు త్వరగా గుర్తించగలడు. అటువంటి బిడ్డ ఉన్న యింటిలో బీడి, సిగరెట్టు పొగ ఉండరాదు. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ పసివాని గదికి దూరముగా ఉండుట మంచిది.

మూడవది, ఇన్‌హేలరు భయము. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధ్యక్షుని పదమూడేండ్ల కుమార్తెకు ఉబ్బసము. తలకు చల్లుకొను సుగంధద్రవ్యమువలె నా మందును చిన్న డబ్బాలో ఎందుకు పెట్టరాదని ఆమె తండ్రిని అడిగినది. మరుసటి యేడే 1956లో చేతిలో ఇమిడిపోవు ఇన్‌హేలరు విపణిలోనికి వచ్చినది. ఒక పిల్ల అడిగిన ప్రశ్న కోట్ల పిల్లలకు ఊపిరియైనది. "అది అలవాటైపోవును, పెండ్లి కావలసిన పిల్ల" అని దానిని దాచిపెట్టు తల్లులు నేటికిని ఉన్నారు. అది మత్తుపదార్థము కాదు. అవసరమైన మందును, అవసరమైన మోతాదులోనే, నేరుగా అవసరమైన చోటికి చేర్చు సాధనము మాత్రమే.

నాలుగవది, చేపమందు. మృగశిర కార్తె వచ్చినచో హైదరాబాదులో బత్తిన వారు పంచు చేపమందు కొరకు కర్ణాటకనుండి, మహారాష్ట్రనుండి మనవారు పిల్లలను తీసికొని ప్రయాణము కట్టుదురు. 1845నుండి ఆ సంప్రదాయము ఉన్నదని ఆ కుటుంబము చెప్పును. అందులోని మూలికలు రహస్యము. శాస్త్రీయమైన పరీక్షలలో దాని గుణము రుజువు కాలేదు. నమ్మి వెళ్ళువారి నమ్మకమును ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. కాని చేప పడని పిల్లలు ఉన్నారని మరువరాదు. మింగించిన మరునాటినుండి వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మూల పెట్టుట ప్రాణాపాయము.

మన తాతలు ఊరు విడిచి వచ్చునప్పుడు వెంట తెచ్చుకొన్నవి భాష, వంట, పండుగ. వారికి తెలియకుండ రక్తములో వెంట వచ్చినవి మరికొన్ని. వాటిలో కొన్ని ఈ గాలిలో మేల్కొన్నవి, కొన్ని నిద్రపోవుచున్నవి. ఎవరు తెచ్చినారని విచారణ జరుపుట వ్యర్థము. వచ్చిన బిడ్డకు ఊపిరి సరిగా ఆడునట్లు చూచుకొనుటయే పెద్దల పని. ఉగాదినాడు పచ్చడిలో వేపపూవు తెచ్చినదెవరని ఎవ్వరును తగవులాడరు గదా!

ఈ నూతన సంవత్సరమున మన యిండ్లలోని పిల్లలందరును రాత్రులు హాయిగా నిద్రించి, పగలు ఆయాసము లేక పరుగులెత్తుదురు గాక.